పోర్ట్‌మన్ చౌకులో పులావు: షేక్ దీన్ మహమ్మద్ జీవితకథ

చదువుకోసమో ఉద్యోగంకోసమో సముద్రాలు దాటి వెళ్ళిన మన పూర్వవిద్యార్థులు సెలవులకు తిరిగివచ్చినప్పుడు మేము వారి క్షేమసమాచారాలతోపాటు ఒక ప్రశ్న తప్పక అడుగుతూ ఉంటాము: అక్కడ మీ భోజనం సంగతి ఏమిటి? లండను వెళ్ళినవారైనా, చికాగో వెళ్ళినవారైనా చెప్పే సమాధానం ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. నగరం నడిబొడ్డున మన వంటల హోటళ్ళకు కొదువ లేదు. కాని అద్దె తక్కువని తాము కాపురం పెట్టిన శివారు పేటలో మనసుకు నచ్చిన హోటలు ఒకటి దొరకాలంటే నెలలు పడుతుంది. బోర్డు మీద తాజ్‌మహల్ బొమ్మ ఉంటుంది. లోపల ఖుర్మాలో చక్కెర ఉంటుంది. చివరకు ఏ పెట్రోలు బంకు వెనుకనో ఒక చిన్న గది, నాలుగు బల్లలు, లోపలినుంచి వేగుతున్న ఉల్లిపాయల వాసన. ఆ రోజుతో ఆ పేట పరాయి పేట కాకుండా పోతుందని వారు చెబుతారు.

ఈ వెదుకులాటకు రెండు వందల ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉన్నది. ఇంగ్లండులో ఒక భారతీయుడు తన సొంత యాజమాన్యంలో, భారతీయ వంటలకే ప్రత్యేకించి తెరచిన మొట్టమొదటి భోజనశాల 1810లో వెలసింది. దానిని తెరచినవాడు పాట్నాలో ముస్లిం కుటుంబంలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్. తెరచిన చోటు కూడా లండను నడిబొడ్డు కాదు. ఆనాటికి నగరం అంచున, పొలాలకు చేరువలో ఉన్న పోర్ట్‌మన్ స్క్వేర్ పేట.

ఈయన జీవితాన్ని మన సంచికలో వ్రాయాలని తలపెట్టినప్పుడు మాలో కొంత సంకోచం కలగకపోలేదు. ఈయన ఈస్టిండియా కంపెనీ సైన్యంలో కొలువు చేసినవాడు. వివాహసందర్భంలో మతం మార్చుకున్నవాడు. వృద్ధాప్యంలో తన వయస్సును గూర్చి లోకానికి అసత్యం చెప్పినవాడు. ఇటువంటివానిని విద్యార్థుల ముందు నిలుపవచ్చునా? నిలుపవచ్చుననే మేము నిర్ణయించుకున్నాము. మచ్చలేని మహాపురుషుల జీవితాలు మన పాఠ్యపుస్తకాలలో చాలినన్ని ఉన్నాయి. పరాయి దేశంలో యాభై మూడేళ్ళ ప్రాయంలో దివాలా తీసి, మళ్ళీ లేచి నిలబడినవాని కథ మన పిల్లలకు మరొక విధంగా ఉపయోగపడవచ్చు.

దీన్ మహమ్మద్ 1759లో పాట్నాలో జన్మించాడు. అప్పటికి ప్లాసీ యుద్ధం జరిగి రెండేళ్ళు. తమ వంశానికి ముర్షిదాబాదు నవాబులతో బంధుత్వం ఉన్నదని ఆయన చెప్పుకున్నాడు. తండ్రి కంపెనీవారి బెంగాల్ సైన్యంలో చేరి, ఆనాడు భారతీయునికి దక్కగలిగిన ఉన్నత హోదాలలో ఒకటైన సుబేదారు పదవిని అందుకున్నాడు. 1769 ప్రాంతంలో, శిస్తు చెల్లించని జమీందారులపైకి పంపిన దండులో పోరాడుతూ ఆయన మరణించాడు. కరవు కాలంలో పన్ను పిండటానికి వెళ్ళిన సైన్యంలో ఆ తండ్రి ప్రాణం విడిచాడన్నది చేదు నిజం.

తండ్రి స్థానం అన్నకు దక్కింది. పదేళ్ళ బాలుడు తల్లివద్ద మిగిలాడు. సైన్యపు ఆర్భాటం, ఎర్రకోట్లు, బాజాలు ఆ బాలుని కన్నులను కట్టివేశాయి. ఐర్లండులోని కార్క్ నగరం నుంచి వచ్చిన గాడ్‌ఫ్రీ ఈవన్ బేకర్ అనే యువసైనికాధికారి అతనిని చేరదీశాడు. తల్లి వారించింది, ఏడ్చింది, బిడ్డను వెనుకకు రప్పించుకోవాలని ప్రయత్నించింది. బాలుడు వినలేదు. ఆమెను విడిచి దండు వెంట సాగిపోయాడు. తరువాతి కాలంలో ఆయన పొందిన ప్రతి గౌరవం వెనుక పాట్నాలో మిగిలిపోయిన ఆ తల్లి మాకు కనిపిస్తూనే ఉంటుంది.

పదమూడేళ్ళకు పైగా బేకర్ వెంట ఆయన గంగాతీరమంతా తిరిగాడు. మొదట పటాలం వెంట నడిచే పరిచారకుడు. ఆ తరువాత దండు బజారుకు సరుకులు సమకూర్చే అధికారి. చివరకు జమేదారు, సుబేదారు. ఇందులో బజారు కొలువును మేము ప్రత్యేకంగా చెప్పదలచుకున్నాము. వేలమంది సిపాయిలు, వారి కుటుంబాలు, గుర్రాలు, ఎద్దులు రోజుకొక మజిలీ చొప్పున కదులుతూ ఉంటే, ఆ మజిలీ చేరకముందే అక్కడ బియ్యం, పిండి, నెయ్యి, ఉప్పు, కట్టెలు సిద్ధంగా ఉండాలి. ధరలు మితిమీరకూడదు, తూకం తగ్గకూడదు. ఎవరికి ఏ తిండి నిషిద్ధమో, ఎవరి పొయ్యి ఎవరి పొయ్యికి ఎంత దూరంలో ఉండాలో కూడా తెలియాలి. ఆయన భోజనవిద్య ఈ దండు బజారులో అబ్బినదేగాని ఏ నవాబు వంటశాలలోనూ నేర్చినది కాదు.

1781లో కాశీరాజు చైత్‌సింగ్ కంపెనీపై తిరుగబడినప్పుడు ఆ తిరుగుబాటును అణచిన సైన్యంలో బేకర్ దండు, దానితో దీన్ మహమ్మద్ కూడా ఉన్నారు. ఈ విషయాన్ని దాచిపెట్టడం మాకు ఇష్టం లేదు. అనతికాలంలోనే బేకర్‌పై గ్రామస్థులనుంచి ధనం గుంజినట్లు ఆరోపణ వచ్చింది. 1782లో ఆయన కొలువు వదులుకున్నాడు. ఆయనతోపాటు దీన్ మహమ్మద్ కూడా తన పదవిని వదులుకుని, 1784లో ఓడ ఎక్కి ఇంగ్లండు మీదుగా ఐర్లండులోని కార్క్ నగరం చేరాడు. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు. మళ్ళీ స్వదేశం చూడలేదు.

కార్క్‌లో ఆయన మొదట చేసిన పని బడికి వెళ్ళడం. సైన్యంలో సుబేదారుగా ఆజ్ఞలిచ్చిన యువకుడు ఇంగ్లీషు మెరుగుపరచుకోవడానికి పిల్లల సరసన కూర్చున్నాడు. అక్కడే జేన్ డేలీ అనే ఐరిష్ యువతితో పరిచయం కలిగింది. 1786లో వారిద్దరూ ఇల్లు విడిచి వెళ్ళి వివాహం చేసుకున్నారు. ప్రొటెస్టంటు యువతిని అన్యమతస్థుడు పెండ్లాడటానికి ఆనాటి చట్టం అడ్డువచ్చేది; ఆయన ఆమె మతం స్వీకరించాడు. మనసులో ఏమి జరిగినదో మనకు తెలిసే దారి లేదు. మేము చెప్పగలిగినది ఒక్కటే: ఎనిమిదేళ్ళ తరువాత ఆయన వ్రాసిన గ్రంథంలో ముస్లింల జనన, వివాహ, మరణ సంస్కారాలను ఎంతో గౌరవంతో, చదువరులకు వాటి అర్థం తెలిసేటట్లు వివరించాడు. పేరులోని మహమ్మద్‌ను జీవితాంతం విడువలేదు.

ఆ గ్రంథం 1794లో కార్క్‌లో రెండు సంపుటాలుగా వెలువడిన ఆయన యాత్రాకథనం. ఒక మిత్రునికి వ్రాసిన లేఖల రూపంలో ఉంటుంది. ఒక భారతీయుడు ఇంగ్లీషులో రచించి ప్రచురించిన మొదటి పుస్తకం అదే. ముందుగా చందాలు చెల్లించిన మూడు వందలకు పైగా ఐరిష్ పాఠకుల తోడ్పాటుతో అది అచ్చయింది. కొన్ని వర్ణనలను పూర్వపు యాత్రికుల పుస్తకాలనుంచి చెప్పకుండా తీసుకున్నట్లు పరిశోధకులు తరువాత నిరూపించారు. ఆ కాలంలో అది పరిపాటే. మన విద్యార్థులు మాత్రం మా సంచికకు వ్యాసాలు పంపేటప్పుడు దీనిని ఆదర్శంగా తీసుకోవద్దని మనవి.

1799 డిసెంబరులో విద్వాంసుడు మీర్జా అబూ తాలిబ్ ఖాన్ కార్క్‌కు వచ్చాడు. ఆయన పారసీలో వ్రాసిన మసీర్-ఎ-తాలిబీ అనే యాత్రాగ్రంథంలో దీన్ మహమ్మద్‌ను కలుసుకున్న సంగతి ఉన్నది. సొంత ఇల్లు, చక్కని భార్య, ముద్దులొలికే బిడ్డలు, అచ్చయిన ఒక పుస్తకం. దూరదేశపు రేవుపట్టణంలో స్థిరపడిన హిందుస్థానీని చూసి ఆ పెద్దమనిషి ఆశ్చర్యపడ్డాడు. ఒకరు పారసీలో, మరొకరు ఇంగ్లీషులో వ్రాసిన ఇద్దరు యాత్రికులు ఐర్లండు చలిలో ఎదురెదురుగా కూర్చున్న దృశ్యం మన ఉర్దూ విభాగంలోని మిత్రులకు మరింత ప్రీతి కలిగించగలదు. ఆనాడు వారు ఏ భాషలో మాట్లాడుకున్నారో, ఏమి తిన్నారో గ్రంథకర్త చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

ఇక లండను ఘట్టానికి వస్తాము. 1807 ప్రాంతంలో దీన్ మహమ్మద్ కుటుంబంతో సహా ఆ మహానగరం చేరి పోర్ట్‌మన్ స్క్వేర్ పేటలో నివసించసాగాడు. అక్కడ బాసిల్ కొక్రేన్ అనే స్కాటిష్ ధనవంతుని ఇంట పని దొరికింది. కొక్రేన్ మద్రాసులో కంపెనీ ఉద్యోగం, నౌకాదళానికి సరుకుల కాంట్రాక్టులు చేసి అపారంగా ధనం గడించి వచ్చినవాడు. ఆయన తన భవనంలో ఆవిరిస్నానాల చికిత్సాశాల ఒకటి ఏర్పాటు చేశాడు. మన హైదరాబాదు వీధులలో నేటికీ వినిపించే చంపీ మాలిష్ ఆ ఆవిరిస్నానానికి తోడైనది దీన్ మహమ్మద్ వల్లనే అంటారు. ఇంగ్లీషులోని షాంపూ అనే మాటకు మూలం మన చంపీయే.

పోర్ట్‌మన్ స్క్వేర్ పరిసరాలను కొంచెం వర్ణించక తప్పదు. 1760ల తరువాత కట్టిన పెద్ద పెద్ద ఇటుక భవనాలు, మధ్య ఒక తోట, విశాలమైన వీధులు. కొంచెం ఉత్తరంగా నడిస్తే కొత్త రహదారి. దాని ఆవల పచ్చిక బయళ్ళు. వర్తకులు తిరిగే పాత నగరం తూర్పున రెండు మైళ్ళకు పైగా దూరం. భారతదేశంలో ధనం కూడబెట్టుకుని వెనుకకు వచ్చిన ఆంగ్లేయులు, అక్కడివారు హేళనగా నాబాబులని పిలిచేవారు, ఈ కొత్త పేటను ఇష్టపడి చాలామంది ఇక్కడే స్థిరపడ్డారు. కలకత్తాలోనో మద్రాసులోనో ఇరవై ఏళ్ళు గడిపిన ఆ మనుషుల నాలుకలు పులావుకు, మసాలాకు అలవాటుపడి ఉన్నాయి. లండను చలికి, ఉడకబెట్టిన మాంసానికి వారు మళ్ళీ సర్దుకోలేకపోయారు. దీన్ మహమ్మద్ ఇదంతా దగ్గరనుంచి చూశాడు. ఇంతమంది ఆకలిగొన్నవారు ఒకే పేటలో ఉండగా వారికి కోరిన భోజనం పెట్టే చోటు ఒకటి లేదే అని ఆయనకు తోచి ఉండాలి.

1810లో జార్జి స్ట్రీటు 34వ నెంబరు ఇంటిలో హిందూస్థానీ కాఫీ హౌస్ తెరచుకున్నది. పేరుకు కాఫీ హౌస్. లండనులో పెద్దమనుషులు కూడి పత్రికలు చదువుకుని వ్యవహారాలు మాట్లాడుకునే చోటును ఆ రోజుల్లో అలా పిలిచేవారు గనుక ఆయన కూడా ఆ పేరే పెట్టాడు. లోపల మాత్రం అంతా హిందుస్థానం. వెదురు కుర్చీలు, సోఫాలు. గోడలమీద భారతదేశపు దృశ్యాల పటాలు. హుక్కాలకోసం ప్రత్యేకించిన ఒక గది, అందులో అసలైన చిలుము పొగాకు. వంటలు భారతీయ పద్ధతిలో, మసాలాలతో, అన్నంతో. ముందుగా కబురు చేసినవారికి భోజనం వండి ఇంటికే పంపే ఏర్పాటు కూడా ఉండేది. ఈనాటి కుర్రవాళ్ళు మోటారుసైకిళ్ళపై పొట్లాలు చేరవేస్తూ ఉంటే ఇదేదో నిన్నమొన్నటి వింత అనుకుంటాముగాని, దాని వయస్సు రెండు శతాబ్దాలు దాటింది. 1811 మార్చిలో టైమ్స్ పత్రికలో ఆయన ప్రకటన వెలువడింది. హుక్కా, చిలుము, అత్యుత్తమమైన భారతీయ వంటకాలు లభిస్తాయనీ, రుచి తెలిసిన ప్రభువులు విచ్చేయవలెననీ దాని సారాంశం.

వంటలు బాగుండేవా? బాగుండేవనే చెప్పాలి. ఆ భోజనశాలకు వచ్చినవారు మామూలు ఆంగ్లేయులు కారు. అసలైన పులావు ఎలా ఉంటుందో ఇరవై ఏళ్ళు తిని తెలుసుకున్నవారు. వారిని మోసపుచ్చడం సాధ్యం కాదు. 1815లో వెలువడిన లండను భోజనశాలల మార్గదర్శి ఒకటి కూడా ఈ హిందూస్థానీ విందులనూ, హుక్కా గదినీ పేర్కొన్నది. అయితే అప్పటికే దీన్ మహమ్మద్ దాని యజమాని కాడు.

లోపం ఎక్కడ జరిగింది? మేము ఈ ప్రశ్న వద్ద ఎక్కువసేపు ఆగదలచాము. వంటలో లోపం లేదు. అలంకరణలో లేదు. పేటను ఎన్నుకోవడంలోనే చిక్కు ఉన్నది. పోర్ట్‌మన్ స్క్వేర్ నాబాబులకు మన భోజనంపై మక్కువ ఉన్నమాట నిజమే. కాని వారిలో చాలామంది భారతదేశం నుంచి ధనంతోపాటు వంటవాళ్ళను, ఆయాలను, హుక్కాబర్దార్లను కూడా వెంట తెచ్చుకున్నారు. లేనివారికి కూడా వంటపుస్తకాలు ఉండనే ఉన్నాయి. హానా గ్లాస్ అనే ఆమె 1747లో ప్రచురించిన ప్రసిద్ధ పాకశాస్త్రగ్రంథంలోనే కూర వండే విధానం ఉన్నది. ఇంట్లో బావర్చీ ఉన్నవాడు పులావుకోసం వీధిలోకి ఎందుకు వస్తాడు? ఇల్లు లేనివాడు, వంటమనిషి లేనివాడు, ఒంటరిగా గదిలో ఉండేవాడు రావాలి. వారంతా తూర్పున పాత నగరంలో, రేవుల దగ్గర ఉన్నారు. కంపెనీ వర్తకులు తమ సమావేశాలకు రాయల్ ఎక్స్చేంజి సమీపంలోని జెరూసలేం కాఫీ హౌస్‌నే నమ్ముకున్నారు. హేమార్కెట్‌లోని మరొక కాఫీ హౌస్‌లో 1773 నాటినుంచే కూర వడ్డించేవారు. పని ముగించుకున్న మనిషి కూరకోసం రెండు మైళ్ళు బండి కట్టించుకుని పడమటి శివారుకు రాడు.

ఇంకొక చిక్కు ఖర్చు. కుంకుమపువ్వు, ఏలకులు, మంచి బియ్యం అన్నీ ఓడలలో రావాలి. వెదురు సామాను, పటాలు, హుక్కాలు పెట్టుబడి. గొప్ప పేటలో గొప్ప అద్దె. తిన్నది కడుపు నిండిన తరువాత ఖాతాలో వ్రాయించుకుని పోయే పెద్దమనుషుల సంగతి ఏ హోటలు యజమానిని అడిగినా చెబుతాడు. అక్కడ అలా జరిగినట్లు ఆధారం చూపలేముగాని మాకు ఆ అనుమానం ఉన్నది. ఆయనకు లెక్కలు తెలియవనడానికి వీలు లేదు. దండు బజారు నడిపినవాడు. కాని దండు బజారులో కొనుగోలుదారు ఎక్కడికీ పోలేడు. మజిలీలో ఉన్నది ఒక్కటే బజారు. లండనులో కొనుగోలుదారు ఇంటి వంటగదే పోటీ అంగడి. ఆ తేడా ఆయనకు ఆలస్యంగా తెలిసివచ్చినట్లున్నది.

1812లో దీన్ మహమ్మద్ దివాలా ప్రకటించాడు. భోజనశాల ఇతరుల చేతులలోకి పోయింది. విచిత్రమేమంటే వారి యాజమాన్యంలో ఆ చోట ఆ వ్యాపారం 1833 వరకు సాగింది. చెట్టు నాటినవానికి పండు దక్కలేదు.

1813 ఏప్రిల్‌లో మళ్ళీ టైమ్స్‌లో ఆయన పేరు కనిపించింది. రెండేళ్ళ క్రితం ప్రభువులను విందుకు పిలిచిన ఆ పత్రికలోనే ఈసారి ఆయన ఏదైనా పెద్దమనిషి ఇంట బట్లరు ఉద్యోగం ఇప్పించవలసిందని కోరాడు. తాను హిందూస్థానీ కాఫీ హౌస్ నడిపినవాడనని దాచలేదు. బజారు పనీ, వంటశాల నిర్వహణా తనకు చక్కగా తెలుసునని చెప్పుకున్నాడు. పట్టణమైనా పల్లె అయినా సమ్మతమే అన్నాడు. సుబేదారుగా ఉన్నవాడు, గ్రంథకర్త, భోజనశాల యజమాని, యాభై నాలుగేళ్ళ వయస్సులో పరుల బల్లవద్ద నిలబడి వడ్డించడానికి సిద్ధపడ్డాడు. ఇంట భార్య, బిడ్డలు ఉన్నారు. ఆయన జీవితంలో మేము అన్నింటికంటె ఎక్కువగా గౌరవించేది ఆ చిన్న ప్రకటనను.

1814లో కుటుంబం సముద్రతీరంలోని బ్రైటన్‌కు తరలింది. అప్పటికి బ్రైటన్ రాజప్రతినిధి జార్జి విలాసస్థానం; కొద్ది కాలంలోనే ఆయన అక్కడి తన భవనాన్ని మొగలాయీ గుమ్మటాల తరహాలో తిరిగి కట్టించనున్నాడు. హిందుస్థానీ వస్తువుకు, మనిషికి అక్కడ గిరాకీ ఉన్నది. దీన్ మహమ్మద్ ఒక స్నానశాలలో చంపీ చికిత్స ప్రారంభించాడు. 1821 నాటికి సముద్రపు ఒడ్డున తన పేరిట పెద్ద స్నానశాల వెలసింది. మూలికల ఆవిరిలో రోగిని కూర్చోబెట్టి, చుట్టూ ఉన్నిగుడ్డ డేరా కట్టి, ఆ డేరాకు కుట్టిన చేతుల గుండా తన చేతులు దూర్చి మర్దనా చేసేవాడు. కీళ్ళనొప్పులు, పక్షవాతం, బిగిసిన నరాలు గలవారు దేశం నలుమూలలనుంచి వచ్చారు. నయమైనవారు వదలిపోయిన చంకకర్రలను స్నానశాలలో వేలాడదీశాడు. ఇంతకంటె మంచి ప్రకటన ఏ పత్రికలో మాత్రం దొరుకుతుంది? 1822లో తన చికిత్సను గూర్చి పుస్తకం ప్రచురించాడు. నాలుగవ జార్జి, ఆ తరువాత నాలుగవ విలియం రాజులకు ఆయన ఆస్థాన చంపీ వైద్యుడు. స్త్రీల విభాగాన్ని జేన్ చూసుకునేది.

ఈ దశలోనే ఆయన తన పేరుకు ముందు షేక్ అనే మాటను చేర్చుకున్నాడు. ఐర్లండులో ఇంగ్లీషువారితో కలిసిపోవాలనుకున్నవాడు బ్రైటన్‌లో తన హిందుస్థానీతనాన్నే ముందుకు తెచ్చాడు. వ్యాపారంకోసమని కొందరంటారు. అదీ నిజం కావచ్చు. కాని మనిషి తన పేరును తిరిగి తెచ్చుకోవడంలో వ్యాపారం ఒక్కటే ఉంటుందని మేము నమ్మలేము. వయస్సు విషయం మాత్రం సమర్థించలేము. సైన్యంలో చేరకముందే వైద్యం అభ్యసించినట్లు చెప్పుకోవడానికి కాలం చాలక, తన పుట్టుకను పదేళ్ళు వెనుకకు జరిపి 1749 అని వ్రాశాడు. ఆ అసత్యం సమాధి రాయి వరకు వెంట వచ్చింది.

చివరి రోజులు మళ్ళీ కష్టంగానే గడిచాయి. 1841లో పెట్టుబడి పెట్టిన భాగస్వామి మరణించగా స్నానశాల వేలానికి వచ్చింది. ఆయన చేతిలో దానిని కొనగలిగిన సొమ్ము లేదు. చిన్న ఇంటిలో చికిత్స కొనసాగించాడు. 1850 డిసెంబరులో జేన్ కన్నుమూసింది. 1851 ఫిబ్రవరి 24న ఆయన కూడా మరణించాడు. బ్రైటన్‌లోని సెయింట్ నికోలస్ చర్చి ఆవరణలో సమాధి ఉన్నది. ఆయన మనుమడు డాక్టర్ ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మద్ లండనులోని గైస్ ఆసుపత్రిలో పనిచేస్తూ రక్తపుపోటును గూర్చి చేసిన పరిశోధనలు వైద్యశాస్త్రంలో నిలిచాయి. ఆ వైద్యుడు 1884లో ముప్పై అయిదేళ్ళకే మరణించాడు.

భోజనశాల కథ అక్కడితో ఆగలేదు. 1924లో లండను శివారైన వెంబ్లీలో బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శన జరిగినప్పుడు భారతీయ భోజనానికి ఏర్పాట్లు చూసిన ఎడ్వర్డ్ పామర్, 1926లో రీజెంట్ స్ట్రీటులో వీరాస్వామి అనే భోజనశాల తెరచాడు. హైదరాబాదులో ఒకప్పుడు బ్యాంకు నడిపిన పామర్ వంశీయుడు ఆయన. కనుక మన ఊరికీ ఈ చరిత్రతో కొంత చుట్టరికం ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత సిల్హెట్ నుంచి వచ్చినవారు, అందులో ఓడలలో పొయ్యిల దగ్గర పనిచేసినవారెందరో, లండను శివారు పేటలలో ఒక్కొక్క దుకాణం తెరచారు. దీన్ మహమ్మద్‌కు చిక్కిన లెక్క వారికి మరొక విధంగా కుదిరింది. పులావు తెలిసిన నాబాబులకోసం వారు కాచుకుని కూర్చోలేదు. రాత్రి పొద్దుపోయి సారాదుకాణాలు మూసిన తరువాత ఆకలితో వీధిలో నిలబడిన మామూలు ఆంగ్లేయునికి తలుపు తెరచి ఉంచారు. ఖుర్మాలో చక్కెర పడినది కూడా అతనికోసమే. మన పిల్లలు ఫిర్యాదు చేసే ఆ తీపి వెనుక ఒక పేద వంటవాని అద్దె బాకీ ఉన్నదని మేము వారికి చెబుతూ ఉంటాము. వారు నమ్మరు.

2005లో వెస్ట్‌మినిస్టర్ నగరపాలకులు జార్జి స్ట్రీటులో ఆ పాత భోజనశాల చోటున ఒక ఆకుపచ్చని స్మారకఫలకం పెట్టారు. 2018లో లండను అరుదైన పుస్తకాల ప్రదర్శనలో ఒక పాత వంటపుస్తకం 8,500 పౌండ్లకు అమ్ముడుపోయింది. దాని లోపలి పేజీలలో హిందూస్థానీ కాఫీ హౌస్ వంటల పట్టిక ఎవరో చేతితో వ్రాసిపెట్టుకున్నారు. కోడికూర 12 షిల్లింగులు. పెద్దరొయ్యల జాతికి చెందిన లాబ్‌స్టర్ కూర 12 షిల్లింగులు. ఆనాటి పల్లెటూరి కూలివానికి వారమంతటికీ దొరికే వేతనం ఇంచుమించు అంతే. గొర్రెపిల్ల మాంసపు ఖుర్మా 8 షిల్లింగులు. దానిని వ్రాసినవారు కూల్మా అని తమకు వినబడినట్లు వ్రాసుకున్నారు. అనాసపండు పులావు అన్నింటికంటె ప్రియం: 1 పౌను 16 షిల్లింగులు.